తుప్పు పట్టిన కారు, సగంలో ఆగిన గోపురం



ఈ మధ్య మన యువకులలో ఒక కొత్త ఆశ కనబడుతోంది. ఎక్కడో ఒక పాత బంగళా వెనకో, మూతబడిన షెడ్డులోనో తుప్పు పట్టి పడివున్న పాతకాలపు కారును తక్కువ ధరకు కొనాలి, దాన్ని విప్పి, బాగుచేసి, రంగు వేసి, మళ్లీ రోడ్డెక్కించాలి అన్నది ఆ ఆశ. ఓడల యార్డుల్లో, గల్ఫ్ దేశాల్లో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా చేసి వచ్చినవాళ్లకు చేతిలో పని ఉంది. ఫోనులో చూస్తే ఇరవై నిమిషాల వీడియోలో తుప్పు ముద్ద కాస్తా మెరిసే కారు అయిపోతోంది. ఆశ పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

తమ్ముళ్లేమో "పాస్టరు గారూ, ఇది తప్పా?" అని అడుగుతున్నారు. పెద్దలేమో "పాత ఇనుప సామానుకి లక్షలు పోస్తారా? మీరైనా బుద్ధి చెప్పండి" అంటున్నారు. ఇద్దరికీ కలిపి ఇక్కడ నా అభిప్రాయం రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను. తుప్పు పట్టిన కారు కొనడం పాపం కాదు. పూర్తి చేయలేని పనిని మొదలుపెట్టడం, దానికోసం ఇంట్లోవాళ్ల అవసరాలను తాకట్టు పెట్టడం, అక్కడ ఉంది ప్రమాదం. దీనితోపాటు, బాగుచేసిన కారును చూపించి రక్షణ గురించి మనం చేసే ప్రసంగాల్లో ఒక లోపం ఉంది. చివర దాని సంగతి కూడా చెబుతాను.

మొదటి మాట: వద్దనే పెద్దలకు

అయ్యలారా, మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఒక్క విషయం ఆలోచించండి. మన ఊళ్లలో పెళ్లికి ముందు ఫొటోల కోసం, ఊరేగింపులో డీజే కోసం, ఇంటి ముందు గోడకు అద్దాలూ రాళ్లూ అతికించడం కోసం ఎంత ఖర్చవుతోంది? వాటిని మనం దుబారా అనం, మర్యాద అంటాం. ఒక కుర్రవాడు సాయంత్రం బెల్టు షాపు వైపు వెళ్లకుండా, చేతికి గ్రీజు అంటించుకుని, స్పానరు పట్టుకుని ఇంట్లోనే కూర్చుంటే మాత్రం మనకు కోపం వస్తోంది. ఏది దుబారా అన్నది నలుగురూ చేస్తున్నారా లేదా అన్నదాన్ని బట్టి తేల్చకూడదు.

చేతిపనిని వాక్యం చిన్నచూపు చూడదు. ప్రత్యక్ష గుడారం పని కోసం దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపాడని నిర్గమకాండం 31వ అధ్యాయంలో చదువుతాం. అక్కడ దేవుని ఆత్మ ఇచ్చిన వరం బంగారం, వెండి, ఇత్తడి, చెక్క, రాయి మీద పనిచేసే నేర్పు. కాబట్టి ఇనుము మీద పనిచేసే నేర్పు కూడా దేవుడిచ్చినదే. పాడైనదాన్ని పారేయకుండా బాగుచేసుకోవడం మన ఇళ్లలో కొత్త సంగతి కూడా కాదు. చిరిగిన వల అల్లుకుంటాం, కారే గిన్నెకు మాటు వేయించుకుంటాం. ఏది పాడైనా కొత్తది కొనేయడం ఈ పదిహేను ఇరవై ఏళ్లలో వచ్చిన అలవాటు.

ఇంకో సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన కొబ్బరి చెట్లు, జీడి చెట్లు ఎలా పడిపోయాయో మీరు చూశారు. ఆ పడిన చెట్లను కోయించి, మోళ్లు తీయించి, మళ్లీ మొక్క నాటినవాళ్లు మీలోనే ఉన్నారు. మన దేశవాళీ కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఆ మొక్క నాటిన రోజున ఎవరూ లాభం లెక్క చూసుకోలేదు. చూసుకుంటే నాటేవాళ్లు కాదు. పాడైపోయినదాన్ని మళ్లీ నిలబెట్టాలన్న ఆశ మన నేలలోనే ఉంది. మీ పిల్లలలో అదే ఆశ కనబడితే దాన్ని ఒక్క మాటతో తుంచేయకండి. దానికి దారి చూపండి.

రెండవ మాట: కొనబోయే తమ్ముడికి

తమ్ముడూ, పెద్దలకు ఇంత చెప్పానని నీకు అనుమతి దొరికినట్టు అనుకోకు. నీతో మాట్లాడాల్సింది ఇంకా ఎక్కువ ఉంది.

స్పోర్ట్స్ కారు అన్నది మన ప్రాంతానికి దూరపు మాటే. అయితే దాని బంధువు ఒకటి మన దగ్గరే తిరిగింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు తయారు చేసింది. అది ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డే. ఇటలీకి చెందిన మికెలొట్టి దాని రూపం గీశాడు. ఆ హెరాల్డ్ చాసీనే పొట్టి చేసి, 1962లో ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. దాని రూపం గీసినది కూడా ఆయనే. కాబట్టి మన వైపు ఏ పాత ఇంటి వెనకైనా రెండు తలుపుల హెరాల్డ్ కనబడితే, అది ఆ స్పోర్ట్స్ కారుకు అన్న వరస అవుతుంది. కుర్రవాళ్ల మనసు దానిమీదికి పోవడం సహజం.

హెరాల్డ్ కట్టడం కూడా మనసు లాగేటట్టే ఉంటుంది. చాసీ వేరు, బాడీ వేరు. బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. ముందు బానెట్టు మడ్‌గార్డులతో సహా పైకి లేస్తుంది, ఇంజను మొత్తం కళ్లముందు కనబడుతుంది. "ఇంతేనా, విప్పేస్తే సరి" అనిపిస్తుంది. తమ్ముడూ, విప్పడం ఒక ఆదివారం మధ్యాహ్నం పని. బిగించడం ఏళ్ల పని. మోసపోయేది అక్కడే.

తుప్పు సంగతి నీకు తెలిసిందే అయినా ఒకసారి గుర్తు చేస్తాను. ఇనుముకు నీళ్లు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే అది ఇంకా తొందరగా పడుతుంది. సముద్రం ఒడ్డున ఉన్న మనకు ఈ పాఠం బడిలో చెప్పక్కర్లేదు. కిటికీ చువ్వలు, సైకిలు గొలుసులు, పంపు బోల్టులు చెబుతాయి. బారువ దగ్గర సముద్రం అడుగున వందేళ్లకు పైగా పడివున్న చిల్కా ఓడ చెబుతుంది. తుప్పుకు ఇంకో గుణం ఉంది. అది అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే ఉబ్బి, పొరలు పొరలుగా ఊడుతుంది. ఊడినచోట కొత్త ఇనుము బయటపడి అదీ తినబడుతుంది. పైన రంగు వేస్తే అది ఆగదు. రంగు కింద తన పని తాను చేసుకుపోతుంది. తిన్నంత మేరా కోసి తీసేసి, మంచి రేకు వెల్డింగు చేయడం ఒక్కటే మార్గం.

కాబట్టి కొనేముందు నెహెమ్యాను గుర్తు చేసుకో. యెరూషలేము గోడ కట్టాలన్న తలంపు దేవుడు తన మనసులో పెట్టినా, ఆయన ఊళ్లోకి రాగానే సభ పెట్టలేదు. రెండవ అధ్యాయం చూడు. రాత్రివేళ లేచి, కొద్దిమందిని వెంటబెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా గోడ చుట్టూ తిరిగాడు. ఒకచోట ఆయన ఎక్కిన జంతువు నడవడానికి కూడా దారి లేదు. అంత శిథిలం. అదంతా కళ్లతో చూశాకే జనం ముందు నోరు విప్పాడు. తర్వాత ఆ గోడ యాభై రెండు దినాల్లో పూర్తయింది. అంత వేగంగా అయిన పని ఆ రాత్రి పరిశీలనతో మొదలైంది.

నీవూ అలాగే చెయ్యి. టార్చిలైటు, ఒక అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవరు పట్టుకెళ్లు. బాడీ మీద అయస్కాంతం అంటనిచోట రేకు లేదు, పుట్టీ ఉంది. కారు కింద పడుకుని చాసీని స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. లోపలికి దిగిపోతే అది చాసీ కాదు, బూడిద. పైన తలుపులు, సీట్లు ఎంత బాగున్నా, చాసీ పోతే ఇల్లు పునాది లేనట్టే. అమ్మేవాడి మాట నమ్మడం, నమ్మకపోవడం తర్వాత. ముందు నీ కళ్లతో చూడు.

కాగితాలు కూడా చూడు. సీ బుక్కు లేని కారు ఎంత చవకైనా దాని జోలికి పోకు. అది ఎవరి సొత్తో తెలియకుండా కొనడం విశ్వాసికి తగదు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు బండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా, చాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉన్న సొంత బండ్లను వింటేజి బండ్లుగా నమోదు చేస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. మళ్లీ నమోదుకు 5,000 రూపాయలు. నంబరు ప్లేటు మీద వీఏ అన్న అక్షరాలు ఉంటాయి. నమోదు పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ బండిని రోజువారీ పనికిగానీ వ్యాపారానికిగానీ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు. ఈ సంగతి బాగా గుర్తుంచుకో. దీనిమీద నేను మళ్లీ మాట్లాడతాను.

మూడు కొలతలు

వాక్యంలోంచి నీకు మూడు కొలతలు ఇస్తాను. ఈ మూడింటికీ సరిపోతే కొనుక్కో, నేను కూడా వచ్చి చూస్తాను. సరిపోకపోతే ఆగు.

మొదటి కొలత లెక్క. లూకా 14వ అధ్యాయంలో ప్రభువు గోపురం కట్టబోయే మనిషి గురించి చెప్పాడు. ముందు కూర్చుని, కొనసాగించడానికి తనవద్ద ఉన్నదా అని చూసుకోవాలి. లేకపోతే పునాది వేసి ఆగిపోతాడు, చూసినవాళ్లందరూ నవ్వుతారు. ప్రభువు అక్కడ శిష్యత్వం గురించి చెబుతున్నా, వాడుకున్న ఉదాహరణ అందరికీ తెలిసిన బతుకు లెక్క. కారు ధర అసలు ఖర్చులో చిన్న భాగం. వెల్డింగు, రేకు, రంగు, రబ్బర్లు, వైరింగు, దొరకని విడిభాగాల కోసం తిరుగుళ్లు కలిస్తే కొన్న ధర ఎక్కడో కింద ఉండిపోతుంది. నీ లెక్క వేసి, దాన్ని రెట్టింపు చేసి, అప్పుడు కూడా అప్పు లేకుండా చేయగలవా చూడు.

ఇంట్లో పరిస్థితి ఈ లెక్కలోకి రావాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తినేసిందో నేను చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యాక విశాఖపట్నం ప్రయాణాలు కొందరికి తగ్గి ఉండవచ్చు. కానీ డయాలసిస్‌కు వెళ్లే మనిషి ఇంట్లో ఉంటే, ఆటో కిరాయి, మందులు, తోడు వెళ్లినవాళ్ల పోయిన కూలి, ఇవన్నీ ఆగని ఖర్చులు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన బాకీ ఉన్న ఇంట్లో, మందులు వాయిదా వేసుకుంటున్న తల్లి ఉన్న ఇంట్లో, పెరట్లో తుప్పు కారు నిలబెట్టడం నా దృష్టిలో తప్పే. సొంత ఇంటివారిని చూసుకోనివాడి గురించి పౌలు తిమోతికి రాసిన మాట (మొదటి పత్రిక 5:8) చాలా కఠినమైనది. దాన్ని మెత్తబరిచే అధికారం నాకు లేదు. అలాగే, తమ్ముడూ, పెళ్లయినవాడివైతే నీ భార్య ఒప్పుకుందా? ఒప్పుకోవడం అంటే నోరు మూసుకోవడం కాదు. లెక్క మొత్తం ఆమె ముందు పెట్టి, ఆమె గాజులు, ఆమె పేరున ఉన్న డ్వాక్రా పొదుపు దీని జోలికి రావని చెప్పి, అప్పుడు ఆమె సరే అంటే అది ఒప్పుకోవడం.

మత్తయి 26వ అధ్యాయంలో అత్తరు పోసిన స్త్రీని చూసి శిష్యులు ఇది నష్టం అనుకున్నారు కదా, ప్రభువు ఆమెనే మెచ్చుకున్నాడు కదా అని కొందరు తమ ఖర్చులకు ఆ వాక్యం చూపిస్తారు. ఆమె పోసింది ప్రభువు తలమీద. మన సరదాను ఆ సీసాలో పోయకూడదు.

రెండవ కొలత గడువు. లూకా 13లో కాయని అంజూరపు చెట్టును నరికేయమన్నాడు యజమాని. తోటమాలి ఒక్క ఏడాది అడిగాడు. ఆ ఏడాదిలో ఏం చేస్తాడో కూడా చెప్పాడు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. ఓపిక అంటే ఇది. పని ఉంది, గడువు ఉంది. మన జీడి తోటల్లో ముసలి చెట్టు కొమ్మలు కొట్టి, కొత్త చిగురుకు మంచి రకం అంటు కట్టేవాళ్లకు ఈ సంగతి తెలుసు. గడువు లేని పని ఓపిక కాదు, బద్ధకానికి మంచి పేరు. నీ కారు పక్కన గోడ మీద ఒక తేదీ రాసిపెట్టుకో. ఆ తేదీకి చాసీ పని కాకపోతే దాన్ని వేరేవాళ్లకు అమ్మేయడానికి సిద్ధపడు. అందులో అవమానం లేదు.

మూడవ కొలత పెట్టె. రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం చదివారా? యోవాషు రాజు మందిరం బాగుచేయమని యాజకులకు చెప్పాడు. డబ్బు వస్తూనే ఉంది. రాజు ఏలుబడిలో ఇరవై మూడో సంవత్సరం వచ్చేసరికి కూడా మందిరం శిథిలంగానే ఉంది. డబ్బు లేక ఆగలేదు, భక్తి లేక ఆగలేదు. ఆ పనికంటూ వేరుగా పెట్టిన డబ్బు లేక ఆగింది. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టెకు రంధ్రం చేయించి బలిపీఠం పక్కన పెట్టించాడు. నిండినప్పుడల్లా రాజు శాస్త్రి, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, వడ్రంగులకు, శిల్పులకు, తాపీ పనివారికి ఇచ్చారు. పని నడిచింది. ఇరవై ఏళ్లకు పైగా కాని పని ఒక పెట్టెతో కదిలింది. నీ కారుకు వేరే పెట్టె పెట్టు. అందులో ఉన్నంతే ఖర్చు. దశమభాగం దానిలోకి రాదు, ఇంటి ఖర్చు దానిలోకి రాదు. పెట్టె ఖాళీ అయితే పని ఆగుతుంది.

ఇక్కడ పెద్దలకు మళ్లీ ఒక మాట. యోవాషు కథ కారు గురించి రాసింది కాదు, దేవుని మందిరం గురించి రాసింది. హైవే మీద సోంపేట నుంచి టెక్కలి దాకా వెళ్లిరండి. స్తంభాలు లేచి, శ్లాబు పడక, పైకి పొడుచుకొచ్చిన చువ్వలు తుప్పు పట్టిపోయిన ప్రార్థనా మందిరాలు కనబడతాయి. ఏ సంఘాన్నీ పేరుపెట్టి అనడం లేదు. కొన్నిచోట్ల పేదరికం, కొన్నిచోట్ల తగవులు, కొన్నిచోట్ల తుపాను. కానీ కుర్రవాడి పెరట్లో తుప్పు కారును చూసి నవ్వే ముందు, ఆ చువ్వలను కూడా చూడాలి. ఉప్పు గాలికి అవి ప్రతి ఏడూ సన్నబడుతున్నాయి. పదేళ్ల తర్వాత శ్లాబు వేస్తే ఆ చువ్వలు బరువు మోయవు. కింద పిల్లలు కూర్చుంటారు. లెక్క, గడువు, పెట్టె అన్న మూడు కొలతలు వాళ్లకెంతో మనకూ అంతే.

ఇంకో సలహా. నేరుగా కారుతో మొదలుపెట్టకు. ఇంట్లో మూలనపడిన కుట్టుమిషను, పొలంలో ఆగిపోయిన డీజిలు ఇంజను, మీ నాన్నగారి పాత చేతక్ స్కూటరు, వీటిలో ఒకటి పూర్తిచేసి చూపించు. కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడే ఎక్కువలో ఉంటాడన్నది ప్రభువు చెప్పిన సూత్రం. స్కూటరు పూర్తి చేయనివాడు కారు పూర్తి చేయడు. బాగుచేసేటప్పుడు ఒంటరిగా చేయకు. చదువు మానేసి తిరుగుతున్న కుర్రవాళ్లు ఇద్దరిని పక్కన పెట్టుకో. రేపు కారు అమ్ముడుపోయినా, వాళ్ల చేతిలో పని మిగులుతుంది. అమ్మేరోజున పుట్టీ ఎక్కడుందో, వెల్డింగు ఎక్కడ చేశావో కొనేవాడికి చెప్పు. లోపల కుళ్లు పెట్టి పైకి సున్నం కొట్టిన సమాధుల గురించి ప్రభువు పరిసయ్యులతో ఏమన్నాడో మనకు తెలుసు. పుట్టీ మీద రంగు వేసి అమ్మడం కూడా అలాంటిదే.

మూడవ మాట: ప్రసంగాల్లోని కారు గురించి

ఇప్పుడు మొదట చెప్పిన లోపానికి వస్తాను. తుప్పు పట్టిన కారు బాగుపడిన కథ ప్రసంగీకులకు చాలా ఇష్టం. నీ జీవితం తుప్పు పట్టినా ప్రభువు కొత్తగా చేస్తాడని చెప్పడానికి అది సులువైన ఉదాహరణ. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం గురించి ఎవరూ మాట్లాడరు.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు అక్కడి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. 1912 నాటి సిల్వర్ గోస్ట్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన కోసం చేయించుకున్నాడు. లోపల సింహాసనం లాంటి ఆసనం. కారు రాకముందే 1911లో ఆయన చనిపోయాడు. తర్వాత ఏడో నిజాం దగ్గర అది ఊరేగింపులకు తప్ప బయటికి రాలేదు. నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదని చెబుతారు. నిజాముల ఇతర కార్లు ఎన్నో గ్యారేజీల్లో పాడైపోయాయి. ఈ కారు మాత్రం బాగుపడి, ఇవాళ అద్దాల వెనక జనం చూస్తుండగా నిలబడింది. మంచిదే. చరిత్ర నిలిచింది.

కానీ అది ఎందుకు బాగుపడింది? రాజుది కాబట్టి. అలాంటిది ఇంకొకటి లేదు కాబట్టి. ఎవరూ ఊళ్లో తిరిగి అరిగిపోయిన పాత వ్యాన్‌ను కొని ఏళ్ల తరబడి బాగుచేయరు. అది కిలోల లెక్కన కాశీబుగ్గ పాత ఇనుప దుకాణానికి పోతుంది. కార్లు బాగుచేసేవాడు ముందు విలువ చూస్తాడు, ఆ తర్వాత దయ చూపుతాడు. మన ప్రభువు అలా చేయలేదు. ఎవరికీ అక్కరలేనివాళ్ల దగ్గరికే వెళ్లాడు. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిదేళ్లు పడివున్న మనిషిని ఏ పాతకార్ల ప్రేమికుడూ ఎన్నుకోడు. కాబట్టి కృపను కారుతో పోల్చేటప్పుడు ఈ తేడా చెప్పి తీరాలి. లేకపోతే మన సంఘంలో కూర్చున్న పేద విధవరాలు, తాగుడు మానలేక మళ్లీ మళ్లీ పడిపోతున్న కూలివాడు "నాలో బాగుచేయదగ్గ విలువ ఏముంది?" అనుకుని వెనక వరసలోనే ఉండిపోతారు.

రెండో తేడా దీనికంటే పెద్దది. వింటేజి నంబరు ప్లేటు నిబంధన గుర్తుందా? ఆ బండి ప్రదర్శనకు వెళ్లవచ్చు, రోజువారీ పనికి వెళ్లకూడదు. మన సాక్ష్యాలు కొన్ని ఇలాగే అయిపోయాయని నా బాధ. ఉజ్జీవ కూటాలకు సాక్ష్యాన్ని బయటికి తీస్తాం, తుడిచి మెరిపిస్తాం, వేదిక ఎక్కిస్తాం. పాత పాపాలు వివరంగా చెప్పిస్తాం. జనం చప్పట్లు కొడతారు. మర్నాడు మళ్లీ షెడ్డులో పెట్టి కవరు కప్పేస్తాం. తాగుడు మానిన మనిషి సాక్ష్యం మనకు కావాలి. కానీ ఆయన చేతికి సంఘం లెక్కల పుస్తకం ఇవ్వమంటే భయపడతాం. జైలు నుంచి వచ్చిన తమ్ముడిని వేదిక మీద కౌగిలించుకుంటాం, మన దుకాణంలో పనికి మాత్రం పెట్టుకోం.

ఫిలేమోనుకు రాసిన చిన్న పత్రికలో పౌలు ఒనేసిము గురించి ఏమంటున్నాడో చూడండి. యజమాని దగ్గరనుంచి పారిపోయిన దాసుడు, చెరసాలలో పౌలు ద్వారా ప్రభువును తెలుసుకున్నాడు. పౌలు అతన్ని ఊరూరా తిప్పి సాక్ష్యం చెప్పించలేదు. ఇంటికి పంపాడు. ముందు పనికిరానివాడు, ఇప్పుడు నీకూ నాకూ పనికొచ్చేవాడు అని రాశాడు. ఇక దాసుడిగా కాదు, ప్రియ సహోదరుడిగా చేర్చుకోమన్నాడు. అంతటితో ఆగలేదు. అతడు బాకీ ఏమైనా ఉంటే నా లెక్కలో వేసుకో అన్నాడు. దేవుడు బాగుచేసిన మనిషి రోజువారీ పనికి వస్తాడు. బాగుచేయించేవాడు ఖర్చు తన మీద వేసుకుంటాడు.

మన పక్కనే సోంపేటలో దీనికి మంచి సాక్ష్యం ఉంది. కెనడా బాప్టిస్టు మిషను వైద్యుడు డాక్టర్ బెన్ గలిసన్ అక్కడ కళ్లు కనబడని పేదలకు ఆపరేషన్లు చేసేవాడు. ఆ పనికి తోడ్పడాలన్న తలంపుతోనే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ మొదలైంది. చూపు వచ్చినవాళ్లను ఎవరూ అద్దాల వెనక పెట్టలేదు. వాళ్లు ఇంటికి వెళ్లి బియ్యంలో రాళ్లు ఏరుకున్నారు, మనవల ముఖాలు చూసుకున్నారు, జీడి పిక్కలు వలిచారు. పాడైనదాన్ని తిరిగి నిలబెట్టడం అంటే అది. తిత్లీ తర్వాత నాటిన కొబ్బరి కూడా అంతే, ఎవరూ వీడియో తీయలేదు. కాయలు మాత్రం ఇంటికి వస్తున్నాయి.

కాబట్టి తమ్ముడూ, మూడు కొలతలకూ సరిపోతే కారు కొనుక్కో. ఇనుము మీద చూపిస్తున్న ఆ ఓపికను లెక్కపెట్టుకో. తలుపు సరిగా మూతపడటానికి ఎన్నిసార్లు విప్పి బిగించావు? ఎన్ని సాయంత్రాలు? విసుగొచ్చినా వదల్లేదు కదా. ఇంట్లో నీతో మాట్లాడని అన్నయ్య విషయంలో ఎన్నిసార్లు ప్రయత్నించావు? తాగి వచ్చే తండ్రి విషయంలో? గుడికి రావడం మానేసిన స్నేహితుడి విషయంలో? రేకుకు ఇచ్చినన్ని అవకాశాలు మనిషికి ఇవ్వకపోతే, ఆ కారు రేపు నీమీద సాక్ష్యం చెబుతుంది.

పెద్దలారా, మీరు కూడా. కుర్రవాడు కారు కింద పడుకుని ఉంటే తిట్టి వెళ్లిపోకండి. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, లెక్క అడగండి, గడువు అడగండి, ఇంట్లో అమ్మ మందులు ఉన్నాయా అని అడగండి. జవాబు సరిగా ఉంటే స్పానరు అందించండి.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మన యువకులతో, పెద్దలతో కలిసి కూర్చుందాం. రెండవ రాజులు 12వ అధ్యాయం, ఫిలేమోను పత్రిక ఇంటి దగ్గర చదువుకుని రండి. మన మధ్య పనికిరాడని పక్కన పెట్టిన మనిషి ఎవరైనా ఉంటే, ఆయనకు ఏ పని అప్పగించగలమో ఆ రోజు మాట్లాడుకుందాం.

ప్రార్థన: ప్రభువా, పాడైనదాన్ని చూసి పారేయని నీ మనసు మాకు దయచేయి. మొదలుపెట్టినదాన్ని ముగించే నమ్మకత్వం మాకు నేర్పు. మా ఇళ్లలోని రోగులను, అప్పులలో ఉన్నవారిని జ్ఞాపకం చేసుకో. మా చేతులు చేసే పనిలో మోసం లేకుండా కాపాడు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.